ఊరి పేరుతో పిలిచే మనిషి

పెద్దకర్మ కార్డు, పెద్దకర్మ అయిపోయిన ఆరు రోజులకు నాకు అందింది. మేము ఎప్పుడో ఖాళీ చేసిన అడ్రసుకు వెళ్ళి, అక్కడి వాళ్ళు దాన్ని కొట్టేసి కొత్తది రాసి పంపితే వచ్చింది. పైన ఆయన ఫోటో. ఆఫీసు గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న పాతదే. మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, ఫోటోగ్రాఫరు ఏదో తప్పు చేయబోతున్నాడన్నట్టు అనుమానంగా చూస్తున్నారు. కింద పెద్ద అక్షరాలతో పేరు.

ఆ పేరు నేను ఇక్కడ రాయను. పోయిన మనిషి పేరు ఎత్తని జాతి ఒకటి ఉందని నాకు చెప్పింది ఆయనే. దక్షిణ అమెరికా అట్టడుగున, గాలి తప్ప ఇంకేదీ ధారాళంగా దొరకని నేలమీద, తెహుల్చేలని వేటగాళ్ళ జాతి ఒకటి. వాళ్ళలో మనిషి పోతే అతని సామానంతా తగలబెడతారట. గుర్రాన్ని కూడా చంపేస్తారట. పేరు మాత్రం ఇక ఎవరూ పలకరట. ఆ సంగతి చెప్పిన రోజు, "ఎంత సుఖమో చూడు చిట్యాలా, పోయాక మనల్ని ఎవరూ పిలవరు" అన్నారు. ఆయన ఏం మాట్లాడినా అప్పుడే చాలా దూరం నడిచి వచ్చినట్టు ఉండేది.

చిట్యాల నా పేరు కాదు. నా పేరు సుగుణ. చిట్యాల నేను పుట్టిన ఊరు.

అరవై ఎనిమిది, అరవై తొమ్మిది నాటి మాట ఇది. కోఠి దగ్గర ఒక పాత మేడలో మా ఆఫీసు ఉండేది. ప్రపంచంలోని సమస్త విషయాలనూ అక్షరక్రమంలో తెలుగులో అచ్చువేయాలని పెట్టిన ఆఫీసు అది. సమస్త విషయాల మాట అటుంచి, బల్లలకు సరిపడా కుర్చీలు ఉండేవి కావు. ఆయన వ్యాసాలు రాసేవారు. నేను వాటికి శుభ్రమైన ప్రతి తీసేదాన్ని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని తీసుకున్నారు. మూడేళ్ళు టెంపరరీగానే ఉంచారు.

ఆ ఏడు 'త' అక్షరం నడుస్తోంది. ఒకే సంపుటంలో తెలంగాణ, తెలుగు, తెహుల్చే వరుసగా వచ్చాయి. మొదటి రెండింటి మీద ఆఫీసంతా రెండు ముక్కలై కొట్టుకుంటోంది. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేస్తారు, కొట్టేసినవాళ్ళ మీద ఇంకొకరు ఫిర్యాదు రాస్తారు. ఈ గొడవలో మూడోదాన్ని పట్టించుకునేవాళ్ళు లేరు. అది ఈయన వాటాకు వచ్చింది. పది పంక్తులు రాయమన్నారు. ఈయన పద్నాలుగు పేజీలు రాశారు.

ఎందుకంత రాశారంటే నాకు సరిగ్గా తెలియదు. ఎవరో ఇంగ్లీషు నావికుడు ఆ జాతివాళ్ళతో కలిసి తిరిగి రాసిన పాత పుస్తకం ఒకటి ఆయనకు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట లేదు, మొదటి ఇరవై పేజీలూ లేవు. దాన్ని చదివి చదివి ఆయన సగం అక్కడే ఉండిపోయారు. మధ్యాహ్నం టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, ఒంటెకూ మేకకూ నడుమ ఉండే గ్వానాకో అనే జంతువు గురించి చెప్పేవారు. దాని తోళ్ళు కుట్టి గుడారం వేస్తారు, దాన్ని 'కావ్' అంటారు. వాటితోనే పెద్ద దుప్పటి చేసుకుని, బొచ్చు లోపలికి పెట్టి, పైకి కనపడే తోలు మీద రంగులతో గీతలు వేసి కప్పుకుంటారు. ఇదంతా చెప్పేటప్పుడు ఏప్రిల్ ఎండలో కూడా చొక్కా కాలరు పైకి లాక్కునేవారు.

ఎవరైనా 'తెహుల్చే' అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "అది వాళ్ళ పేరు కాదు. పక్క జాతివాళ్ళు పెట్టింది. వాళ్ళను వాళ్ళు ఇంకోలా పిలుచుకుంటారు, దక్షిణాదివాళ్ళం అని." అలాంటప్పుడు వ్యాసానికి ఆ పేరే ఎందుకు పెట్టారని సంపాదకులు అడిగితే, "పక్కవాళ్ళు పెట్టిందే నిలబడుతుందండీ, ఏం చేస్తాం" అని కూర్చున్నారు.

ఇక ఆ ఊరి పేర్ల సంగతి. ఆ జాతిలో బిడ్డ ఎక్కడ పుడితే ఆ చోటి పేరే బిడ్డకు పెట్టేవాళ్ళని ఆ పుస్తకంలో ఉందట. ఇది చదివిన మర్నాటి నుంచి ఆఫీసులో ఎవరి పేర్లూ మిగల్లేదు. అటెండరు యాదగిరి ఇబ్రహీంపట్నం అయ్యాడు. టైపిస్టు గుడివాడ అయింది. సంపాదకుల్ని మొహాన అనే ధైర్యం లేక వెనకాల మాత్రం తెనాలి గారు అనేవారు. "ఇబ్రహీంపట్నం, తెనాలి గారి గదిలో ఫైలు ఉంది, తెచ్చిపెట్టు" అంటే యాదగిరి నవ్వుకుంటూ వెళ్ళేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. మరి మీరేమిటి సార్, మీ ఊరేది అని అడిగితే, "పోన్లే, నాదేముంది" అనేసి సాసరు ఎత్తేవారు. 'పోన్లే' ఆయన ఊతపదం. రోజుకు యాభైసార్లు అనేవారు.

మేమిద్దరం ఒకే ఆవరణలో కిరాయికుండేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్ అంటే ఇప్పటివాళ్ళకు నమ్మశక్యం కాదు గానీ, అప్పుడు మా ఇంటి వెనక నుంచి ద్రాక్షతోటలు మొదలయ్యేవి. మా ఇల్లుగలాయన నర్సిరెడ్డి సరూర్‌నగర్ పాతకాపు. తోట మధ్యలో మూడు వాటాల ఇల్లు. ఒక వాటాలో నేనూ, మా బాపూ. బాపు మిషన్ దవాఖానాలో కాంపౌండరు చేసి రిటైరయ్యాడు. ఇంకో వాటాలో ఈయన ఒక్కరే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేంత చనువు నాకు లేదు. బాపు అడిగితే "కుదర్లేదండీ" అన్నారట.

సాయంత్రాలు ఆయన మా అరుగు మీద కూర్చుని బాపుకు ఆ దేశం గురించి చెప్పేవారు. తెల్లవాళ్ళు గొర్రెలు తెచ్చి, మైళ్ళకు మైళ్ళు తీగకంచెలు కట్టేశాక గ్వానాకోలు తిరగడానికి చోటు లేకుండా పోయిందనీ, పొంగుజబ్బులు, సారాయి మిగతా పని పూర్తి చేశాయనీ. బాపు శ్రద్ధగా విని, ఆ తర్వాత నుంచి మా కుటుంబ ప్రార్థనలో ఒక వాక్యం కలిపాడు: "ఆ చలిదేశంలో కంచెల అవుతల ఉన్న నీ బిడ్డలను కాపాడుము తండ్రీ." చిట్యాల మాల క్రైస్తవుల ఇంట్లో రోజూ తెహుల్చేల కోసం ప్రార్థన జరిగింది. నిజంగా జరిగింది. ఈయన అది విని మొహం పక్కకు తిప్పుకున్నారు.

ఆయన ద్రాక్షపండును తొక్కతీసి తినేవారు. ఒక్కో పండునూ రెండు గోళ్ళ మధ్య పట్టుకుని, పొర ఒలిచి, ఆ పొరలన్నీ పక్కన వరసగా పెట్టి. నర్సిరెడ్డి చూసి తట్టుకోలేకపోయేవాడు. "గదేంది పంతులూ, అనాబ్‌షాహీ పండును గట్ల బట్టలిప్పి తింటవు?" అనేవాడు. ఈయన నవ్వేవారు కాదు. ఇంకో పండు తీసుకునేవారు.

అరవై తొమ్మిది మొదట్లో సర్కారు ఉత్తర్వు వచ్చింది. ముల్కీలకు, అంటే ఇక్కడివాళ్ళకు, చెందాల్సిన కొలువుల్లో కూర్చున్న బయటివాళ్ళను తిప్పి పంపేయాలని. ఈయన సీటు అలాంటిదే. అది ఖాళీ అయితే వరసలో మొదటి పేరు నాది.

ఇది దాచను. నేను ప్రత్యేక తెలంగాణ ఉద్యమం పక్షం. అప్పుడూ, ఇప్పుడూ. మా ఊళ్ళో బడి లేకపోతే ఎనిమిదో ఏట మిషన్ హాస్టలుకు వెళ్ళి చదువుకున్నాను. ఆ చదువు పెట్టుకుని మూడేళ్ళు టెంపరరీగా ఎవరెవరో రాసినవి గుండ్రంగా తిరగరాశాను. నా తర్వాత వచ్చి, ఎవరో తెలిసినవాళ్ళు ఉన్నారని పర్మనెంటు అయినవాళ్ళను నలుగురిని చూశాను. ఆ సీటు నాదే. కాకపోతే అందులో కూర్చున్న మనిషి ఈయన కావడం నా ఖర్మ.

అందరికీ ఒక ఫారం ఇచ్చారు. అందులో 'జన్మస్థలం' అని ఒక గడి. ఆఫీసులో ప్రతివాణ్ణీ ఊరి పేరుతో పిలిచిన మనిషి ఆ గడి ఖాళీగా వదిలేశారు. మూడుసార్లు తిప్పి పంపారు. మూడుసార్లూ ఖాళీగానే ఇచ్చారు. ఆఫీసులో ఇక ఎవరూ నవ్వడం లేదు. "ఇబ్రహీంపట్నం" అని పిలిస్తే యాదగిరి వెనక్కి తిరిగి, "సార్, జర పేరుతోని పిలువుండ్రి. దినాలు మంచిగ లేవు" అన్నాడు. నిజమే. ఆ రోజుల్లో ఊరి పేరు అడగడమంటే కొట్లాటకు పిలవడమే. ఈయనకు అది ఎంతకీ ఎక్కలేదు. అలవాటు మానుకోలేకపోయారు.

ఒకరోజు ఆయనా నేనూ ఆఫీసు నుంచి వస్తుంటే మలక్‌పేటలో విద్యార్థులు బస్సు ఆపారు. నలుగురు లోపలికి ఎక్కి ఒక్కొక్కరినే అడుగుతున్నారు. మంచి పిల్లలే, ఎండలో తిరిగి మొహాలు పీక్కుపోయి ఉన్నాయి. కాల్పుల్లో తోటివాళ్ళు పోయారు వాళ్ళకు. ఒకతను ఈయన దగ్గరికి వచ్చాడు.

"ఏ ఊరు పెద్దమనిషీ, మీది?"

"ముందు నీది చెప్పు నాయనా. ఎక్కడ పుట్టావు?"

అతను తెల్లబోయి, "జనగామ" అన్నాడు.

"అయితే నువ్వు జనగామవి. నీ పక్కనతను?"

"భువనగిరి" అన్నాడు రెండోవాడు, ఎందుకు చెబుతున్నాడో తెలియకుండానే.

"చూశారా, ఎంత చక్కటి పేర్లో! దక్షిణ అమెరికాలో ఒక జాతి ఉందర్రా..."

ఆ 'అర్రా'తో అటుపక్క మనిషని పట్టుకున్నారు. "గుంటూరా, కృష్ణానా?" అన్నాడు జనగామ కుర్రాడు, గొంతు మారిపోయి. ఈయన నోరు తెరిచారు. ఏం చెప్పేవారో తెలియదు. అబద్ధం చెప్పరు, నిజం కూడా చెప్పరు. నేనే లేచాను.

"మా పెదబాపు అన్నా. మాది చిట్యాల. చిన్నగున్నప్పుడే అటు దిక్కు మిషన్ల ఏసిండ్రు, గాడనే చదివిండు. గందుకే మాట గట్ల."

వాళ్ళు నన్ను చూశారు. నా మాట విన్నారు. "గట్లనా అక్కా. మంచిది" అని దిగిపోయారు. దిగుతూ ఒకతను ఈయనకు దండం కూడా పెట్టాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి నడుస్తుంటే, మెచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆయన ఆగి, "నా ఊరు మార్చేశావు చిట్యాలా" అన్నారు.

"పానం దక్కింది గద సార్."

"దక్కింది. పోన్లే" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇంతటి చాదస్తుణ్ణి వెనకేసుకొచ్చి నేనెందుకు నా వాళ్ళ ముందు అబద్ధమాడాలి అనిపించింది.

నర్సిరెడ్డి ఈ సంగతి విని ఆ ఆదివారం తోటలో మంచం వేయించి ఈయన్ని పిలిచాడు. బాపు, నేనూ ఉన్నాం. గంప నిండా పండ్లు.

"పంతులూ, రేపు తాసిల్దారు కాడికి పోదాం నడువు. నువ్వు సరూర్‌నగర్లనే పుట్టినవని నేను సాచ్చెం చెప్త. మా అవ్వనే కాన్పు చేసిందని చెప్త. నా మాట కాదనేటోడు ఈడ ఎవడున్నడు?"

"మీ అమ్మగారు ఇప్పుడు లేరు గదండీ."

"లేదు గాబట్టే చెప్తున్న."

మేమంతా నవ్వాం. ఆయన పండు ఒలుస్తున్నారు. ఆయన ఊఁ అంటే సీటు ఆయనదే. నేను ఇంకో మూడేళ్ళు టెంపరరీ. ఊఁ అనమని మనసులో సగం, అనొద్దని సగం.

"వద్దండీ రెడ్డిగారూ. పేరు మారిపోతుంది."

"పేరెందుకు మారుతది? ఊరు గద మనం మార్చేది."

"వాళ్ళల్ల ఊరే పేరట" అన్నాను నేను.

"గాళ్ళు ఏడనో సముద్రం అవుతల ఉన్నరు. నీ నౌకరి ఈడ పోతున్నది, గది సోయి ఉన్నదా పంతులూ నీకు?" నర్సిరెడ్డికి నిజంగానే బాధ కలిగింది. "సరే, అసలు ఏడ పుట్టినవయ్యా? గదన్న చెప్పు."

ఆయన ఒలిచిన పొరను వరసలో పెట్టారు. తర్వాత, "పడవలో" అన్నారు.

వాళ్ళ నాన్న కృష్ణకు ఇటు పక్క, నిజాం రాజ్యంలో, వాడపల్లి దాపున ఒక ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పేవాడట. తల్లిది అటు పక్క పల్నాడు. పురిటికి పుట్టింటికి తీసుకెళ్తుంటే ఏటి మధ్యలో నొప్పులు వచ్చాయి. ముందుకు పోవాలో, వెనక్కి తిప్పాలో తెలియక పడవవాడు తెడ్డు ఎత్తి కూర్చున్నాడట. ఈయన అక్కడే పుట్టారు. ఏ దరిలోనూ రాయించలేదు. రెండేళ్ళకు నాన్న ఇటు ఊరు వదిలేశాడు. "ఎటువాళ్ళు అడిగినా చెప్పడానికి నాకు ఏమీ లేదండీ. అందుకే గడి ఖాళీగా పెట్టాను. పంతం కాదు" అన్నారు.

అంతవరకూ అది పొగరని అనుకున్నాను. నాకు సిగ్గు వేసింది.

నర్సిరెడ్డి గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. చివరికి, "మరి గా నీ జాతోళ్ళు, గిట్ల ఏట్ల పుట్టినోన్ని ఏమని పిలుస్తరు?" అన్నాడు.

ఆయన చేతిలో పండు సగం ఒలిచి ఆగిపోయింది. "అడగాలి" అన్నారు. ఆ మాటలో ఉన్న ఉత్సాహం నేను అంతకుముందు ఆయనలో చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

అంతకుముందే ఢిల్లీలో ఎవరెవరికో రాసి ఆ దేశంలో ఒక బడిపంతులు అడ్రసు సంపాదించి ఉన్నారు. ఆ వారమే ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. రెండే ప్రశ్నలు. ఒకటి, ఆ భాష మాట్లాడేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా. రెండు, ఏటి మధ్య పడవలో పుట్టిన మనిషిని వాళ్ళయితే ఏ పేరుతో పిలుస్తారు. శుభ్రమైన ప్రతి నేనే తీశాను. నా గుండ్రటి అక్షరాలతో పోస్టయింది. జవాబుకు ఆఫీసు అడ్రసే ఇచ్చారు. ఇంటి అడ్రసు ఎన్నాళ్ళుంటుందో నమ్మకం లేదుగా.

ఎండాకాలంలో బదిలీ ఉత్తర్వు వచ్చింది. గుంటూరు. కర్ఫ్యూ సడలించిన ఒక ఉదయం నర్సిరెడ్డి తన బండి కట్టించి, ఇప్పటి ఎల్బీనగర్ చౌరస్తా దాకా సామాను తెచ్చాడు. అప్పుడది చౌరస్తా కాదు, రోడ్డు చీలే చోటు, అంతే. విజయవాడ బస్సులు అక్కడ చెయ్యి ఎత్తితే ఆగేవి. బాపు ప్రార్థన చేశాడు. ఆయన పద్నాలుగు పేజీలూ దారంతో కుట్టి నా చేతికిచ్చారు.

"సీటు నీకు వస్తుంది. రావాల్సిందే, నువ్వేం మొహమాటపడకు. నాకు రెండే పనులు చేసిపెట్టు. పద్నాలుగు పేజీలు వాళ్ళెలాగూ వెయ్యరు. ఎంత కోసినా కొయ్యి గానీ, ఆ జాతివాళ్ళు లేరని మాత్రం రాయకు. తెలియదని రాయి, ఫరవాలేదు. రెండోది, జవాబు వస్తే నాకు పంపు."

"పంపిస్త సార్" అన్నాను. ఏడ్చాను కూడా.

సీటు నాకు వచ్చింది. ఆర్నెల్లు చూసి ఖాయం చేస్తామన్నారు. సంపుటం ప్రెస్సుకు వెళ్ళాల్సిన వారం సంపాదకులు ఆ కుట్టిన కాగితాల్ని చేత్తో తూచి చూశారు. "ఏమిటమ్మాయ్ ఇది? తెలుగు భాషకే ఇన్ని పేజీల్లేవు. నాలుగు పంక్తులు చాలు. ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వంలో దాదాపు అంతరించారని ఉంది. 'దాదాపు' అంటే పాఠకుడికి అనుమానం వస్తుంది. ఇప్పుడు లేరని రాసి పడెయ్యండి."

"తెలువదని రాద్దామా సార్?" అన్నాను.

"తెలియదని రాయడానికా మనకు జీతాలిస్తున్నారు?"

ఖాయం కావడానికి ఇంకా రెండు నెలలుంది. నేను వెళ్ళి నా బల్ల దగ్గర, ఆయన బల్ల దగ్గర, కూర్చుని రాశాను. నాలుగు పంక్తులు. నాలుగోది: "ప్రస్తుతం ఈ జాతి గాని, ఈ భాష మాట్లాడువారు గాని లేరు." ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశాను. ఆ రోజు ఒంట్లో ఓపిక లేదు. ఆఫీసులో ఎవరికీ ఓపిక లేదు. ఏడాదిపాటు అరిచి, ఏడ్చి, శవాలు మోసి, ఏదీ రాకుండా అందరం పనుల్లోకి వచ్చేశాం. ఇవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయి. రాసింది మాత్రం నేను.

సంపుటం బైండింగుకు వెళ్ళిన నెలకు ఉత్తరం వచ్చింది. నీలం కవరు, చుట్టూ స్టాంపులు. ఆయన పేరు మీద. యాదగిరి తెచ్చి అలవాటుగా నా బల్ల మీద పెట్టాడు. నేను విప్పాను. విప్పకూడదు. విప్పాను.

బడిపంతులు కష్టపడి ఇంగ్లీషులో రాశాడు. ఆలస్యానికి క్షమించమన్నాడు. చలికాలం దారులు మూసుకుపోయాయట. మీ ఉత్తరం మా బడి పక్కనుండే ఒక ముసలమ్మకు చదివి చెప్పాను, ఆమె, ఆమె చెల్లెలు ఇంట్లో ఇంకా ఆ భాషే మాట్లాడుకుంటారు, ఇంకా కొన్ని ఇళ్ళల్లోనూ ఉన్నారు అని రాశాడు. మొదటి ప్రశ్నకు ఆమె నవ్వి, నేను ఉన్నానో లేనో నువ్వే చూసి రాయి అందట. రెండో ప్రశ్న విని పొయ్యిలో ఇంకో కట్టె పెట్టిందట. తర్వాత ఇలా అందట: పడవ చోటు కాదు, అది కదిలిపోతుంది. ఏరు చోటే. ఆ ఏటి పేరేమిటో రాయమను. అదే అతని పేరు. రాస్తే నేను పిలుస్తాను.

బడిపంతులు కింద ఇంకో వాక్యం చేర్చాడు. "ఆమె మీ జవాబు కోసం చూస్తుంటుంది. దయచేసి తొందరగా రాయండి."

ఆ కాగితాన్ని చదివినన్ని సార్లు నేను బైబిలు కూడా చదివి ఉండను. పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన సంతోషంతో సంపాదకులకు రాస్తారు. అచ్చయిన పేజీలో లేరని ఉంది. ఎవరు రాశారంటారు. ఖాయం చేసే కాగితం సంపాదకుల బల్ల మీదే ఉంది. అది అయ్యాక పంపుదాం అనుకున్నాను. అది అయ్యేసరికి నెలలు గడిచాయి. ఇన్నాళ్ళెందుకు ఆపావంటే ఏం చెప్పను అని ఇంకొన్నాళ్ళు ఆపాను. బాపు ప్రార్థనలో ఆ చలిదేశం మాట వచ్చినప్పుడల్లా నేను కళ్ళు తెరిచే ఉండేదాన్ని. పండగలకు గుంటూరు నుంచి కార్డు వచ్చేది, 'చిట్యాలకు ఆశీస్సులు' అని. జవాబు రాసేదాన్ని, ఆ ఒక్క సంగతి తప్ప.

తొమ్మిదేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే, వెనకనుంచి "చిట్యాలా" అని వినిపించింది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు. సన్నబడ్డారు. చేతిలో తీగబుట్ట. సైదాబాద్‌లో చుట్టాల పెళ్ళికి వచ్చి తిరిగి వెళుతున్నారు. బాపు పోయాడని చెప్పాను. నర్సిరెడ్డి తోట గురించి అడిగారు. తీగలు పీకించి ప్లాట్లు చేసి అమ్మేశాడని చెప్పాను. "కంచెలు వేశారా?" అన్నారు. "ప్రహరీలు సార్" అన్నాను.

"సంపుటం చూశాను. గుంటూరు లైబ్రరీలో ఉంది."

"సార్, సంపాదకులు..."

"పోన్లే. నీ చేతుల్లో ఏముంది?" అన్నారు. బస్సు వచ్చే వైపు చూస్తూ, పెద్దగా ఆశ ఏమీ లేనట్టు అడిగారు. "ఆ ఉత్తరానికి జవాబు ఏమన్నా వచ్చిందా?"

ఉత్తరం ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో ఉంది. ఇల్లు అక్కణ్ణుంచి పది నిమిషాల నడక. రండి సార్ అంటే సరిపోయేది. మా ఇంట్లో కూర్చుని కాగితం మీద ఆ ఏటి పేరు రాసేవారు. నాకు ఉద్యోగం ఖాయమై అప్పటికి ఎనిమిదేళ్ళు. నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. ఈయన అసలే ఏమీ అనరు. ఆ 'పోన్లే' ఇంకోసారి అంటారు, అంతే. అది వినడానికే నాకు ధైర్యం చాలలేదు.

"రాలేదు సార్" అన్నాను.

ఆయన తల ఊపారు. "అదే అనుకున్నా. అయితే నువ్వు రాసిందే నిజమన్నమాట. అప్పటికే ఎవరూ లేరు" అన్నారు. బుట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, వచ్చిన బస్సు ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన ఇంకా పందొమ్మిదేళ్ళు బతికారు. పోస్టు డబ్బా మా సందు చివరే ఉంది.